మీ పేరు పలికాను

ఏమండీ,

మీరు పోయాక మొదటిసారి ఇవాళ మన ఊరి బళ్లో ఓట్లు పడ్డాయి. కల్లంలో మిరపకాయలు ఏరడం ఆపేసి, మీ తమ్ముడి భార్య సీతమ్మతో కలిసి నేనూ వెళ్లాను.

కిందటిసారి జరిగింది మీరు మర్చిపోయి ఉండరు. మొగుడి పేరు ఎవరికి వాళ్లే చెప్పాలని ఆఫీసరు పట్టుబడితే, నోరు మెదపకుండా తిరిగొచ్చేశాను. "ఈ ఓటు కోసమేగా మేం జైళ్లకెళ్లింది! పేరు పలికితే నా ఆయుష్షు తగ్గిపోతుందటే?" అని కేకలేశారు. తగ్గుతుందనే మా అమ్మ చెప్పింది. మీకంటే నాకు ఓటు ఎక్కువా? ఆ పూట మీరు అన్నం ముట్టలేదు, నేనూ ముట్టలేదు.

ఇవాళా అదే ప్రశ్న.

"అక్క చెప్పదండీ, నేను చెబుతాను," అంటూ సీతమ్మ ముందుకొచ్చింది.

"నువ్వుండవే," అన్నాను.

మీ పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను. వరసలో ఉన్న ఆడవాళ్లంతా నావైపు తిరిగారు. ఆఫీసరు తలైనా ఎత్తకుండా నా వేలికి సిరా పూశాడు. మిరపకాయలు ఏరిన వేలు, చురుక్కుమంది.

బయటికొచ్చాక సీతమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఎంత ధైర్యం అక్కా నీకు!" అంది.

ధైర్యమేముందండీ? ఇక తగ్గడానికి మీకు ఆయుష్షేదీ?