అమ్మ గుచ్చిన గద్దలు

గుదిల అన్నయ్యకు,

ఇది ఎవరిచేతా రాయించలేదు, నేనే రాస్తున్నాను. నీ మనిషి విలియారిత్ నిన్న వచ్చాడు. తలెత్తకుండానే, "రోమను వాణ్ణి చేసుకున్నారు కాబట్టి మీరిక మన గోతు జాతి ఆడపడుచు కారట. మీ అమ్మగారి గద్ద బొమ్మల బంగారు పిన్నులు రెండూ తెమ్మన్నారు అయ్యగారు," అన్నాడు.

"తీసుకో," అని ఎదురుగా నిలబడ్డాను. చిన్నప్పుడు నన్ను గుర్రం ఎక్కించిన ముసలాయన చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "అవి తీస్తే ఒంటిమీద గుడ్డ నిలవదు కదా తల్లీ. నావల్ల కాదు," అని వంటింటి వైపు వెళ్ళిపోయాడు. రొట్టె పెట్టించాను, తినలేదు.

నువ్వు మరిచిపోయినట్టున్నావు. అవి ఉత్త నగలు కావు. భుజానికొకటి గుచ్చితేనే మన ఆడవాళ్ళ బట్ట నిలుస్తుంది. నా పదమూడో ఏట అమ్మ వాటిని పెడుతుంటే సూది దిగి నేను ఏడ్చాను. "ఊరుకోవే, ఇవి నీతోపాటే మట్టిలోకి పోతాయి," అంది అమ్మ. పక్కనే నిలబడి నువ్వు నవ్వావు.

ఇచ్చేయమనీ, వేరేవి చేయిస్తాననీ మా ఆయన అంటున్నాడు. ఆయనకు తెలియక అన్నాడు. నీకు తెలుసు.

ఈస్టరు నాడు మన చర్చికి అవే పెట్టుకుని వస్తాను. మనవాళ్ళందరి మధ్యా చేతులు దించుకుని నిలబడతాను. నేను పరాయిదాన్నే అయితే నీ చేత్తో నువ్వే తీసుకో. సూది మాత్రం చూసుకో, ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పటిదాకా, ఆ తరవాతా,
నీ చెల్లెలు