నవారు పట్టీ

సత్యవతీ,

నువ్వు పోయాక ఫొటోలు తీయడానికి నేను ఒప్పుకున్న మొదటి పెళ్లి ఇవాళ సీతమ్మధారలో జరిగింది. కాంట్రాక్టరుగారింటి పెళ్లి కదా అని, నువ్వు కుట్టిన పట్టీ తీసేసి కెమెరాకి కొత్త తోలుపట్టీ తగిలించుకుని వెళ్లాను. కెమెరా, ఫ్లాష్ బరువుకి ఆ సన్నటి తోలు మెడని కోసేసింది. జీలకర్రా బెల్లం అయ్యేసరికి తల తిప్పలేకపోయాను. వంటల పాక వెనక్కి వెళ్లి, సంచిలోంచి నీ పట్టీ తీసి మార్చుకున్నాను.

ఆ రోజు మన మంచం నవారు కత్తిరించి, లోపల నీ పాత చీర మడతలు పెట్టి కుడుతూ, "మెడ మీద ఆ గాటేటి బావా? ఇదేసుకో. నీ మెడ ఎవులు సూత్తారు?" అన్నావు.

ఇవాళ చూశారు. పెళ్లికూతురి తండ్రి దాన్ని వేలితో ఎత్తి పట్టుకుని, "ఏటిది బాబూ, మంచం నవారా? ఎవరు కుట్టేరు?" అని అందరి ముందూ నవ్వాడు.

నా భార్య అనడానికి నోరు రాలేదు.

"ఎవరో ఇచ్చేరండి" అన్నాను.

ఆ తర్వాత అప్పగింతల దాకా కెమెరా దించలేదు. మెడ ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు. పెట్టినా బాగుండేది.