ఎడమ భుజం

రిచ్‌మండ్,
1956 మార్చి 9

ఒడెస్సా అక్కకు,

నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. నేనూ కులాసాయే అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అలసిపోయాను అక్కా. పాటల షోల కోసం ఎనిమిదేళ్ళుగా అదే కారు, అదే వెనక సీటు, ఒళ్ళో కాగితంలో చుట్టిన అదే చల్లారిన కోడి వేపుడు. మన నల్లవాళ్ళను లోపల కూర్చోనిచ్చే హోటలు కోసం నిన్న మూడు ఊళ్ళు దాటాం. చివరికి ఒక పాస్టరుగారి భార్య పెట్టిన చిక్కుడుగింజల కూర తిని పడుకున్నాం.

ఇదంతా భరిస్తాను. లిన్‌వుడ్‌నే భరించలేకపోతున్నాను. షిప్‌యార్డులో నాతోపాటు ఇనప రేకులకు రివెట్లు కొట్టినవాడు, చర్చి క్వయర్‌లో నాతోపాటు పాటలు నేర్పే నీచేత తిట్లు తిన్నవాడు, ఇప్పుడు పెద్దమనిషైపోయాడు. ఇద్దరం ఒకే మైకు ముందు నిలబడితే పాట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా వాడి చెయ్యి నా ఎడమ భుజం మీదే. ఆడపిల్లలు "ఎంత స్నేహమో!" అని మురిసిపోతారు. ఆ వేళ్ళు ఎంత గట్టిగా నొక్కుతాయో వాళ్ళకేం తెలుసు? నేను వాడి చెప్పుచేతల్లో ఉన్నానని జనానికి చూపించడానికే ఆ వేషం. పిలిస్తే పలకడు. కారులో ఏదైనా చెబితే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు.

మొన్న ఇంకొకటి బయటపడింది. నా కోటు ఎడమ భుజంలో ఎత్తు కోసం పెట్టే దూది ప్యాడ్ లేదు! దర్జీని అడిగితే, లిన్‌వుడే తీయించాడట.

"ఎందుకురా తీయించావ్?" అని నిలదీశాను.

"నువ్వు ముందే దూలంలా ఉంటావ్. దానికి తోడు ప్యాడ్ కూడానా? పక్కనున్న నేను కనపడొద్దూ?" అని నవ్వేశాడు.

అద్దంలో చూసుకుంటే ఒక భుజం కుంగినట్టుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజే నిశ్చయించుకున్నాను. మన బాల్టిమోర్‌లోనే ఒక క్లబ్బువాళ్ళు నన్నొక్కడినే పాడమంటున్నారు. నార్‌ఫోక్ షోలు అయ్యాక లిన్‌వుడ్‌కి చెప్పేసి వచ్చేస్తాను. నువ్వు కుడుతున్న నీలం కోటుకి రెండు భుజాల్లోనూ ప్యాడ్లు దట్టంగా పెట్టు. ఇక రోజూ నా మంచం మీద నేను పడుకోవాలి. అంతకంటే నాకేమీ వద్దు.

నీ తమ్ముడు,
రూఫస్

నార్‌ఫోక్,
మార్చి 13

అక్కా,

నిన్న మధ్యాహ్నం షోకి పంతం పట్టి రెండు మైకులు పెట్టించాను. లిన్‌వుడ్ వద్దన్నాడు, బతిమాలాడు కూడా. నేను వినలేదు. ఆరడుగుల దూరంలో నిలబడి పాట ఎత్తుకున్నాను. వాడు అందుకోవలసిన చోట అందుకోలేదు. అందుకున్నాక శ్రుతి ఎటో పోయింది. ముందు వరుసలోంచి ఎవరో "ఇంటికెళ్ళి నేర్చుకుని రా నాయనా!" అని అరిస్తే జనం గొల్లున నవ్వారు. వాడు జనంకేసి చూడలేదు. నా భుజంకేసి చూస్తున్నాడు.

తెర వెనక గదిలో నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. "ఏమొచ్చిందిరా నీకు?" అన్నాను. పలకలేదు. "లిన్‌వుడ్!" అని అరిచాను. పక్క గదిలోంచి డ్రమ్ములవాడు ఉలిక్కిపడి తొంగిచూశాడు గానీ వీడు కదల్లేదు. వెళ్ళి ఎదురుగా కూర్చుంటే, నా పెదవులకేసి చూసి తల దించుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను, వాడి గడ్డం పైకెత్తి.

"షిప్‌యార్డు వదిలేటప్పటికే ఆ రివెట్ల మోతకి సగం వినికిడి పోయింది. మూడేళ్ళ నుంచీ బ్యాండు మోగితే నీ గొంతు వినపడదు, ఇప్పుడు అరిచినా అంతే. భుజం లేస్తే ఊపిరి తీశావని తెలుస్తుంది. నువ్వు పాడేది ఎముకలో అదురుతుంది, దాన్ని పట్టుకుని పాడతా. ఆ ప్యాడ్ అడ్డమొచ్చిందిరా."

"నాకు చెప్పి చావొచ్చుగా!"

"చెబితే జాలిపడి ఉండిపోతావ్. నాతో పాడాలనే ఉంటున్నావనుకుంటే నాకు బాగుండేది."

సిగ్గుతో చచ్చిపోయాను. క్లబ్బు సంగతి అప్పుడు చెప్పాను. వాడు నా పెదవులనే చూస్తూ అంతా అర్థం చేసుకుని, "వెళ్ళరా. నువ్వు అలసిపోయావ్, నాకు కనపడుతూనే ఉంది" అన్నాడు.

సాయంత్రం షోకి ఒక మైకు తీయించేశాను. వాడు చెయ్యి వెయ్యడానికి మొహమాటపడుతుంటే, నేనే పట్టుకుని భుజం మీద పెట్టుకున్నాను. పాట కుదిరింది.

నా అలసట మాత్రం పోలేదు. ఇంటి మీద బెంగా పోలేదు. రేపు మళ్ళీ అదే కారు. క్లబ్బువాళ్ళకు రానని రాసేశాను. అయ్యో అనుకోకు అక్కా, కొంత జాలే, కాదనను. కానీ ఆ చెయ్యి లేకుండా పాడిన మధ్యాహ్నం నా పాట కూడా ఏమీ బాగాలేదు.

నీలం కోటు కుట్టడం అయిపోయి ఉంటే శ్రమ అనుకోకుండా ఎడమ భుజం కుట్లు విప్పి ప్యాడ్ తీసెయ్యి. అస్తరు కూడా అక్కడ పలచటిదే వెయ్యి.

నీ తమ్ముడు,
రూఫస్