సారిక ఒంటి గురించి ప్రార్థన మనవి

రామచంద్రపురం,
జూలై.

చి. సౌ. సారికకు, మేనత్త సంపూర్ణమ్మ ప్రభువు నామంలో దీవించి, కొంచెం కోపంతో రాయునది.

ఫోన్ చేస్తే "పరుగులో ఉన్నానత్తయ్యా, తర్వాత చేస్తాను" అంటావు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చెయ్యలేవు కదా అని పెన్ను పట్టుకున్నాను. రిటైరయ్యేదాకా బళ్ళో తెలుగు చెప్పినదాన్ని, తిట్టాలన్నా నాకు కాగితం మీదే బాగా వస్తుంది.

మా స్త్రీల సమాజం సెక్రటరీ తబిత లేదూ, వాళ్ళమ్మాయి పెళ్ళి ఫోటోల్లో నిన్ను చూశాను. నువ్వు రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే కాకినాడ బీచ్ రోడ్డంతా పరిగెడుతున్నావని మీ ఆయన ఫిన్నీ చెబుతాడు. ఫోటో చూస్తే మాత్రం పరిగెత్తేది అతనూ, కూర్చుని తినేది నువ్వూ అనిపించింది. చెప్పులు అరిగాయి గానీ నువ్వు అరగలేదు.

నాకు మనసు ఆగక, గురువారం కూడికలో నీ పేరు మీద ప్రార్థన మనవి ఇచ్చాను. ఎంత పరిగెత్తినా మా మేనకోడలికి కొవ్వు కరగడం లేదు, అందరూ జ్ఞాపకం చేసుకోండి అన్నాను. కొందరైతే కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఊపులో, నువ్వు సన్నబడితే మా ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టి అందరికీ కోడి పలావు పెడతానని మాట ఇచ్చేశాను. అప్పట్నుంచి నీ ఒంటి మీద సంఘానికి శ్రద్ధ పెరిగింది. పాస్టర్ గారు కూడా ప్రతి ఆదివారం "అమ్మాయి ఎంతవరకు వచ్చిందండీ" అని అడుగుతున్నారు.

అన్నం మానెయ్. రాత్రిపూట ఒక్క జొన్నరొట్టె చాలు.

ఇట్లు,
నీ మేలు కోరే అత్త.

తా.క.: పలావుకి బాసుమతి బియ్యమా, మామూలు బియ్యమా అని మా సమాజంలో పెద్దావిడ సుబ్బాయమ్మ గారు అడుగుతున్నారు. కాస్త త్వరగా తగ్గు.


కాకినాడ,
జూలై.

అత్తయ్య గారికి, మీ సంఘం వాళ్ళందరి కళ్ళూ ఒంటి మీద పడిన మేనకోడలు సారిక వందనాలు చేసి రాయునది.

పరిగెడితే కొవ్వు కరుగుతుందని మీరొక్కరే కాదండీ, నేనూ నమ్మాను. ఇరవై ఒక్క కిలోమీటర్ల పందేలు పరిగెత్తాను. తగ్గలేదు. అన్నం మానేశాను. తగ్గలేదు. తప్పు నాదే అనుకుని ఇంకా తక్కువ తిని ఇంకా ఎక్కువ పరిగెత్తాను. జుట్టు రాలింది, నిద్ర పోయింది, ఫిన్నీ ఓపిక కూడా తగ్గింది. పొట్ట దగ్గర కొవ్వు మాత్రం సొంతిల్లు కట్టుకున్నట్టు అక్కడే ఉంది.

చివరికి హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. థైరాయిడ్ మందగించిందట. అది చాలదన్నట్టు నాకు కొన్ని నెలలుగా నెలసరి ఆగిపోయింది.

ఆవిడ నేను తినేదీ పరిగెత్తేదీ అంతా అడిగి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఒంటిని కరువులో పెట్టావమ్మా. అది భయపడి, ముందు నెలసరి ఖర్చు ఆపేసి, ఉన్నదంతా దాచుకుంటోంది" అన్నారు. థైరాయిడ్‌కి మాత్ర ఇచ్చారు. మిగతా దానికి మందు అన్నమే అన్నారు.

డిసెంబరులో మా బీచ్ రోడ్డు మీద నలభై రెండు కిలోమీటర్ల పందెం ఉంది. ఎవరి మెప్పు కోసమూ కాకుండా నా కోసం నేను కోరుకున్నది ఇన్నేళ్ళలో అదొక్కటే. నెలసరి మళ్ళీ దారిలో పడితేనే దానికి ఒప్పుకుంటానని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పారు. అంటే పరిగెత్తాలంటే ముందు నేను కడుపు నిండా తినాలి. కాబట్టి సన్నబడాలనే ప్రార్థన వెంటనే ఆపించండి. పొరపాటున ఫలించిందంటే నా పందెం పోతుంది.

మీ
సారిక.

తా.క. (చోటు లేక మొదటి పేజీ పక్కన రాస్తున్నాను): ఈ ఉత్తరం మీ ఒక్కరికే. అప్పుడే ఎవరికీ చెప్పకండి.


రామచంద్రపురం,
ఆగస్టు.

బంగారు తల్లి సారికకు, అత్త ఆనందబాష్పాలతో రాయునది. అక్షరాలు అలుక్కుపోతే అందుకేనని తెలుసుకో.

నీ ఉత్తరం గురువారం కూడిక మొదలయ్యే వేళకి వచ్చింది. అందరూ నీ కబురు కోసమే ఎదురు చూస్తున్నారు. ముందు నేను చదివేసుకుని తర్వాత వినిపిస్తే చల్లారిన కాఫీలా ఉంటుందని అక్కడే విప్పి గట్టిగా చదివాను. నెలసరి ఆగిపోయింది అన్న మాట దగ్గర సుబ్బాయమ్మ గారు "స్తోత్రం" అని లేచి నిలబడ్డారు. తబిత పాట ఎత్తుకుంది. ఇక రెండో పేజీ ఎవరికి కావాలి? ఆ సంబరంలో అది చేతులు మారి ఎటు పోయిందో కూడా తెలీదు. థైరాయిడ్ సంగతికి భయపడకు, కడుపుతో ఉన్నప్పుడు అవన్నీ మామూలేనట.

నాకు కొంచెం అనుమానం ఉన్న మాట నిజమే. కానీ పేజీ పక్కన నువ్వు రాసినది చూశాక తీరిపోయింది. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదనే కదా. అప్పటికే అందరికీ తెలిసిపోయింది గనక ఇక దాచుకునే పని లేదు.

రేపటి నుంచి పరుగు బంద్. నువ్వలా ఎగిరెగిరి పరిగెడుతుంటే లోపలున్న పసికూన ఏం పట్టుకుని ఉండాలి? నీ తిండి సంగతి సమాజం చూసుకుంటుంది. వారానికొకరు వంతు వేసుకున్నాం. ముందుగా నా వంతు సున్నుండలు, నెయ్యి చేతికి కారేలా చేసి పంపుతున్నాను. ఒక్కటి మిగిల్చినా ఊరుకోను.

ఇట్లు,
కాబోయే అమ్మమ్మ వరస.

తా.క.: సన్నబడాలనే మనవి కొట్టేయించి, ఒళ్ళు చెయ్యాలనే మనవి రాయించాను. దీనికైతే దేవుడు పెద్దగా కష్టపడనక్కర్లేదని తబిత అంది.


కాకినాడ,
నవంబరు.

అత్తయ్య గారికి, ఎవరికీ ఏమీ కాబోని సారిక రాయునది.

మీ ఉత్తరం చూసి జవాబు మొదలుపెట్టడం, కోపంతో చింపెయ్యడం, ఇదే పని అయింది. ఈలోగా డబ్బాలు వస్తూనే ఉన్నాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, తింటూనే ఉన్నాను.

ముందుగా ఒక మాట. నేను కడుపుతో లేను. అప్పుడూ లేను, ఇప్పుడూ లేను. పిల్లలు ఎప్పుడన్నది నేనూ ఫిన్నీ చూసుకుంటాం. దానికి కమిటీ అక్కర్లేదు.

రెండో మాట. మీ సున్నుండలు పని చేశాయి. పరుగుకి ముందు ఒకటి, వచ్చాక ఒకటి, ఆ పైన మూడు పూటలా అన్నం. మొదట్లో బరువు పెరిగి నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ బరువు చూసే మిషన్‌ని మంచం కిందకి తోసెయ్యమన్నారు. తోసేశాను. ఇప్పుడు తొడలు గట్టిపడ్డాయి, నడుము దగ్గర చుడీదార్ వదులైంది, నిద్ర పడుతోంది. తింటే కొవ్వు కరిగిందంటే మీ సమాజంలో ఒక్కరూ నమ్మరు, నాకు తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యం, నాకు మళ్ళీ నెలసరి వచ్చింది. వరసగా రెండోసారి కూడా వచ్చాక డాక్టరమ్మ పందేనికి సరేనన్నారు. సంతోషం పట్టలేక ఏడ్చేశాను. ఫిన్నీ కేకు తెచ్చాడు. ఇద్దరం కోసుకుని తిన్నాం.

పందెం వచ్చే నెల రెండో ఆదివారం. నాకోసం ఏదైనా అడగాలనుకుంటే ఆ రోజు ఎండ కాయకుండా చూడమని అడగండి. అది చాలు.

మీ
సారిక.

తా.క.: ఇది కూడా కూడికలో చదువుతారని తెలుసు. సుబ్బాయమ్మ గారూ, మీ బెల్లం గవ్వలకి పాకం కొంచెం ముదిరిందండి.


రామచంద్రపురం,
డిసెంబరు.

సారికా, తల్లీ,

ఏమని రాయను? మళ్ళీ నెలసరి వచ్చిందన్న చోట ఇక చదవలేక ఉత్తరం కింద పెట్టేశాను. మిగతాది తబిత చదివింది. అంత దూరం వచ్చాక ఇలా అయిపోతుందని ఎవరనుకున్నారు.

మొదటి నుంచీ లేనే లేను అని రాశావు చూడు, ఆ మాటకి ఇక్కడ ఏడవని వాళ్ళు లేరు. తట్టుకోలేని మనిషి అలాగే అంటుంది. కేకు కోసుకున్నారన్న చోట సుబ్బాయమ్మ గారు గుండె పట్టుకున్నారు. మీ ఇద్దరికీ మతి స్థిమితంగా లేదని మాకందరికీ అర్థమైంది. ఆ గవ్వల మాటకి కూడా ఆవిడ ఏమీ అనుకోలేదు, బాధలో అన్నావని క్షమించేశారు. పాస్టర్ గారు నీకు మళ్ళీ సంతానం కలగాలని అప్పుడే ప్రార్థన మొదలుపెట్టారు.

అంతా ఆ పాడు పరుగు వల్లే. రెండో ఆదివారం ఆరాధన కూడా మానుకుని వ్యానులో వస్తున్నాం. నిన్ను పరిగెత్తనిచ్చేది లేదు. రోడ్డుకి అడ్డం పడుకోవాల్సి వస్తే పడుకుంటాం. మా ఇంటికి తీసుకొచ్చి నెల రోజులు మంచం దిగనివ్వను.

ధైర్యంగా ఉండు.

అత్త.

తా.క.: వ్యానులో కిటికీ పక్క సీటు సుబ్బాయమ్మ గారు ఏడుస్తూనే చెప్పుకున్నారు. వచ్చేటప్పుడు ఉప్పాడ వెళ్ళి చీరలు కూడా చూద్దామంటున్నారు, నీ మనసు మళ్ళడానికే.


కాకినాడ,
డిసెంబరు.

అత్తయ్య గారికి, ఇంకా మెట్లు దిగలేకపోతున్న సారిక రాయునది.

ముప్పై కిలోమీటర్లు దాటాక కళ్ళకి కనిపించేవన్నీ నమ్మకూడదని పరుగు వాళ్ళు అంటుంటారు. అందుకే రోడ్డు పక్కన తెల్లచీరల్లో మీరంతా నిలబడి ఏడుస్తుంటే మొదట నిజమనుకోలేదు. పందెం వాళ్ళు మాత్రం మిమ్మల్ని హుషారు చెయ్యడానికొచ్చిన బృందమనుకుని తలొక ఈల ఇచ్చారట. సుబ్బాయమ్మ గారు ఏడుస్తూ ఈల వెయ్యడం నేను ఈ జన్మలో మర్చిపోను.

మీరు నా పక్కన పరిగెత్తారు అత్తయ్యా. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా మోచెయ్యి పట్టుకుని "ఆగవే, ఆగు" అంటూ వచ్చారు. నా కాళ్ళు అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి. లోపల నేనూ అదే మాట అనుకుంటున్నాను. కానీ మీ నోట వినేసరికి ఒళ్ళు మండి ఇక ఆగబుద్ధి కాలేదు. చివరిదాకా పరిగెత్తాను. పేర్ల పట్టికలో నన్ను కింద నుంచి వెతకండి, తొందరగా దొరుకుతాను.

పందెం చూడ్డానికి వచ్చిన మా డాక్టరమ్మ షామియానా కింద మిమ్మల్ని కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పినందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలి. మీ ముఖాలు చూసి నాకే జాలేసింది. తర్వాత ఆవిడ మీలో ఎవరికైనా ఇలాంటి ఇబ్బందులున్నాయా అని అడిగినప్పుడు అందరూ కొంగులు సర్దుకోవడంలో పడ్డారు. తబిత గారు, తనకి థైరాయిడ్ మాత్ర ఎన్నేళ్ళుగానో ఉందనీ, ఎవరూ చూడకుండా కాఫీతో కలిపి మింగేస్తాననీ మెల్లిగా చెప్పారు. కాఫీతో వేసుకుంటే మాత్ర ఒంటికి సరిగా పట్టదని డాక్టరమ్మ అనగానే ఇంకో ఇద్దరు అయ్యో అన్నారు. ఇక లైను కట్టారు. నా ఒంటి గురించి ఐదు నెలలు నోరారా మాట్లాడిన వాళ్ళు, తమ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

అందరూ అయిపోయాక మీరు వెళ్ళి ఆవిడ చెవిలో ఏదో చెప్పారు. ఏంటో నేను అడగను.

మీ
సారిక.

తా.క.: పందెం అయ్యాక నేను తిన్న బిర్యానీ చూసి, "ఈ పిల్ల ఇద్దరి కోసం తింటోంది" అని సుబ్బాయమ్మ గారు ఫిన్నీ చెవిలో అన్నారట. మళ్ళీ మొదలుపెట్టొద్దని చెప్పండి.


రామచంద్రపురం,
డిసెంబరు.

చి. సౌ. సారికకు, మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటూ అత్త రాయునది.

ఒక మాట ముందే చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ చెప్పను. నువ్వు నా చెయ్యి విదిలించుకుని ముందుకి వెళ్ళిపోయినప్పుడు నాకు కోపం రాలేదు. గర్వంగా అనిపించింది. నిన్ను ఫోటోలో చూసి అన్న మాటలకి సిగ్గు కూడా వేసింది. అయిపోయింది, ఇక దీని గురించి మాట్లాడకు.

ఇప్పుడు మా గొడవ విను. మొన్న గురువారం కూడికకి వాక్యం చెప్పడానికి పాస్టర్ గారే వచ్చారు. చివర్లో ప్రార్థన మనవులు చెప్పమన్నారు. వ్యానులో అందరం అనుకున్నాం, ఇకనైనా మన ఒంటి బాధలు దేవుడి ముందు పెట్టాలని. కానీ పాస్టర్ గారి ఎదుట థైరాయిడ్, నెలసరి, గడ్డం మీద వెంట్రుకలు అని ఏ నోటితో చెబుతాం? ముందు తబిత లేచి, "సారిక కోసం చేసిన ప్రార్థనే నాక్కూడా చెయ్యండయ్యా" అని గబుక్కున కూర్చుంది. అదేదో బాగుందని వెనక వరస వాళ్ళు లేచి నాకూ అదే అన్నారు. తర్వాత వరసంతా లేచింది. సుబ్బాయమ్మ గారు లేచారు. చివరికి నేనూ లేచాను.

పాస్టర్ గారు మా అందరి వంకా చాలాసేపు చూశారు. ఆయన కాకినాడ రాలేదు. అసలు సంగతి ఆయనకి చెప్పాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. పాపం, నీకు సంతానం కలగాలని రోజూ మోకరిస్తున్న మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గొంతు సవరించుకుని, చేతులు రెండూ పైకెత్తి, "తొంభై ఏళ్ళ శారా గర్భాన్ని తెరిచిన దేవా, ఈ పెద్ద వయసులో ఈ తల్లులు పెట్టుకున్న ఆశని కొట్టిపారెయ్యకు. ఒక్కరిని కూడా విడిచిపెట్టకు" అని కన్నీళ్ళతో ప్రార్థించారు.

వద్దని చెప్పాలంటే అసలేం కావాలో చెప్పాలి. అది చెప్పే ధైర్యం ఎవరికీ లేక అందరం తలలు వంచుకుని అలాగే ఉండిపోయాం.

ఇట్లు,
నీ అత్త సంపూర్ణమ్మ.

తా.క.: అలవాటు కొద్దీ సుబ్బాయమ్మ గారు మాత్రం గట్టిగా ఆమెన్ అనేశారు. ఆవిడకి డెబ్బై రెండు. అప్పట్నుంచి నిద్రపోవడం లేదు. భయమేమీ లేదని డాక్టరమ్మ చేత ఒక్క ముక్క రాయించి పంపు, కూడికలో చదువుతాను.