మూడు కొటేషన్ల సైకిలు

ఆగస్టు 5, సోమవారం

మూడు నెలల సగటు సుగరు 8.6. డాక్టర్ నాగదుర్గ గారు రిపోర్టును, నన్ను, నా పొట్టను వరుసగా చూశారు.

"విజయ్ పాల్ గారూ, మూడు నెలలు టైమిస్తున్నానండి. రోజూ ఓ గంట ఒళ్ళు వంచండి. తగ్గలేదా, ఇన్సులిన్ రాసేస్తాను. తర్వాత నన్ననుకోకండి."

మా నాన్నకి ఇన్సులిన్‌తో ఆగలేదు. కుడికాలి వేళ్ళు రెండు తీసేశారు. రోజూ కట్టు మార్చింది నేనే. నాకు భయం. డైరీ కాబట్టి రాస్తున్నాను, బయట ఒప్పుకోను.

నిర్ణయం: మౌంటెన్ బైక్ కొనాలి. రోజూ కాలవ గట్టు మీద పది కిలోమీటర్లు తొక్కాలి. బడ్జెట్టు పదిహేను వేలు. నడక ముసలివాళ్ళ వ్యవహారం. నాకింకా యాభై రెండే.

నా భార్య రెబెక్కా స్కూలు టీచరు. ఇంటికొచ్చాక కూడా మార్కులు వేస్తుంది. "మండపేటలో కొండ ఎక్కడుందండీ?" అని అడిగింది. వంతెనలున్నాయి కదా అన్నాను.

ఆగస్టు 6, మంగళవారం

ఉ. 5.00: లేచాను. ఏమి ఉత్సాహం!

5.05: సైకిలు ఇంకా కొనలేదని గుర్తొచ్చింది.

5.06: పడుకున్నాను.

"అది వచ్చేదాకా నడవచ్చుగా" అంది రెబెక్కా. ఒక పని మొదలుపెట్టకుండానే ఇంకో పని మొదలుపెట్టడం పద్ధతి కాదు.

పద్ధతి అంటే గుర్తొచ్చింది. నేను కాలేజీ ఆఫీసులో కొనుగోళ్ళ సెక్షన్ గుమాస్తాని. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో మూడు కొటేషన్లు లేకుండా సుద్దముక్క కొన్న పాపాన పోలేదు. సైకిలుకీ అంతే. మూడు ఊళ్ళు, మూడు షాపులు, మూడు కొటేషన్లు, ఆపైన పోలిక పట్టిక. కొత్త ఫైలు తెరిచాను.

"నన్ను చేసుకునేముందు ఎన్ని కొటేషన్లు తీసుకున్నారు?" అంది రెబెక్కా. ఈ ప్రశ్న ఫైల్లో పెట్టలేదు.

ఆగస్టు 14, బుధవారం

ఇప్పటికి చూసిన వీడియోలు: 41. చూసిన చోటు: మంచం. పక్కన: జంతికలు.

తేలినవి:

అల్యూమినియం ఫ్రేము తేలిక, అదే కొనాలి. స్టీలు గట్టిది, అదే కొనాలి.

పదిహేను వేలలో వచ్చే సైకిలుకు ముందు సస్పెన్షన్ వట్టి బరువు. అది లేకపోతే గుంతల్లో చేతులు ఊడిపోతాయి. ఈ రెండు మాటలూ చెప్పింది ఒకే ఛానెల్ వాళ్ళు.

గేర్లు ఇరవై ఒకటి ఉండాలి. ఇరవై ఒకటీ వాడినవాడు మాత్రం ఎక్కడా కనబడలేదు.

ఆన్‌లైన్లో తెప్పించిన గ్లోవ్సు, బాటిలు తగిలించే స్టాండు వచ్చాయి. గ్లోవ్సు వేసుకుని అన్నం తిని చూశాను, పట్టు బాగుంది. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది రెబెక్కా.

ఆగస్టు 24, శనివారం

కొటేషన్ నంబరు ఒకటి. మా ఊళ్ళోనే, చంద్రరావు గారి సైకిలు షాపు. ముదురు ఆకుపచ్చ బండి, అల్యూమినియం ఫ్రేము, రెండు డిస్క్ బ్రేకులు.

"పద్నాలుగున్నరకి ఇచ్చేత్తానండి. మీ ఎత్తుకి సరిగ్గా సరిపోద్ది. ఎక్కండి, అలా ఓ రౌండేసి రండి."

ఎక్కలేదు. ఇస్త్రీ ప్యాంటు. పైగా మొదటి షాపులోనే నచ్చేస్తే మిగతా రెండు కొటేషన్లకు విలువేముంటుంది? లెటర్‌హెడ్ మీద రాసివ్వమన్నాను.

"సైకిలుకాండీ?"

"సైకిలుకేనండి."

ఆయన గోడ క్యాలెండర్లో అయిపోయిన నెల చింపి, వెనకాల రాసిచ్చారు. స్టాంపు అడిగి వేయించుకున్నాను.

సెప్టెంబరు 14, శనివారం

కొటేషన్ నంబరు రెండు, భీమవరం. అక్కడ రెబెక్కా వాళ్ళ పిన్ని సువార్తమ్మ గారున్నారు. ఊళ్ళోకొచ్చి ఇంటికి రాకుండా వెళ్ళానని తెలిస్తే క్రిస్మస్ దాకా సాధిస్తారు. ఉత్త చేతులతో వెళ్ళలేం కనుక తాపేశ్వరం కాజాలు కిలో కొన్నాను. బాగున్నాయో లేదో తెలియాలి కనుక బస్సులో రెండు తిన్నాను.

మ. 1.00: రొయ్యల ఇగురు.

1.20: రొయ్యల వేపుడు. సుగరండీ అన్నాను. "దానిదేముంది అల్లుడుగారూ, దాని పని అది చూసుకుంటది. మీరు మొహమాటపడకండి."

1.40: మళ్ళీ ఇగురు. మిగిలితే పాడైపోతుందట.

2.00 నుంచి 4.30: నిద్ర.

5.00: షాపు. పదిహేను వేల రెండొందలు. ఎక్కి చూడమన్నారు. కడుపు నిండా రొయ్యలతో ఎక్కడం సైకిలుకే ప్రమాదం.

సెప్టెంబరు 28, శనివారం

కొటేషన్ నంబరు మూడు, రాజమండ్రి. మా తమ్ముడింట్లో బిర్యానీ. వివరాలు అనవసరం.

షాపులో కుర్రాడు అడిగాడు, "ఎలాంటి దారుల్లో తొక్కుతారు సార్?" కాలవ గట్టు అన్నాను. "దసరాకి ఆఫరుంటది సార్, ఆగితే మంచిది" అన్నాడు.

ఆగమని చెప్పేవాళ్ళంటే నాకెంతో గౌరవం. నిదానమే ప్రధానం.

అక్టోబరు 9, బుధవారం

బరువు చూసుకున్నాను. ఆగస్టులో 84, ఇప్పుడు 87. మిషను పాతది.

నాలుగు రోజులుగా అరికాళ్ళు తిమ్మిర్లు. ఆఫీసు కుర్చీ ఎత్తు ఎక్కువైనట్టుంది.

అక్టోబరు 16, బుధవారం

దసరా ఆఫరు: సైకిలుతోపాటు ఒక బెల్లు.

పోలిక పట్టిక పూర్తి. నేనే తయారుచేసి, నేనే సరిచూసి, నేనే ఆమోదించాను. వర్షంగా ఉంది. తడిలో కొత్త బండి ఎందుకు?

అక్టోబరు 26, శనివారం

కొనేశాను! చంద్రరావు గారి దగ్గర, ఆ ఆకుపచ్చదే. ఇప్పుడు పదిహేను వేల మూడొందలట.

"రెండు నెల్ల కింద నేను ఎక్కమన్నది దీన్నే కదండీ" అన్నారాయన, చాలా మర్యాదగా. ఇంతకంటే తిట్టినా బాగుండేది.

ఒక్క విషయంలో మాత్రం నా పరిశోధన పనికొచ్చింది. ప్లాస్టిక్ పెడల్స్ తీయించి, పళ్ళున్న ఇనప పెడల్స్ వేయించాను. కాలు జారనే జారదట.

ఇంటికి ఆటోలో తెచ్చాను. ప్రార్థన కాకుండా కొత్త బండి ఎలా ఎక్కుతాం?

అక్టోబరు 27, ఆదివారం

ఆరాధన అయ్యాక గుడి వరండాలో సైకిలుకు ప్రార్థన. పాస్టరు లాజరు గారు నా కోసం, రోడ్ల కోసం, లారీ డ్రైవర్ల కోసం ఇరవై నిమిషాలు ప్రార్థించారు. ప్రార్థన కదా, అందరి చెప్పులూ గేటు దగ్గరే ఉన్నాయి.

"ఎక్కండి బ్రదర్, చూద్దాం" అన్నారు పాస్టరుగారు. సంఘమంతా చూస్తోంది. గేటు దాకా వెళ్ళి చెప్పులు వేసుకొస్తే బాగుండదని ఉత్త కాళ్ళతోనే ఎక్కేశాను.

ఆవరణ చుట్టూ మూడు రౌండ్లు. మొహానికి గాలి తగిలింది. రెండో గేరు నుంచి మూడో గేరు పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెటకారం కాదు, నిజంగా రాస్తున్నాను, ఈ మూడు నెలల్లో ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

దిగి, కృతజ్ఞత కానుక వేయడానికి గుడి లోపలికి నడిచాను. వెనక నుంచి రెబెక్కా గొంతు.

"ఏమండీ, ఆగండి. ఇంకో అడుగు వేయకండి."

తెల్ల టైల్స్ మీద గుమ్మం నుంచి కానుకపెట్టె దాకా ఎర్రటి మరకలు, అడుగుకొకటి. కుడి అరికాల్లో మూడు చోట్ల పెడల్ పళ్ళు దిగాయి. బొటనవేలి కింద చర్మం చీలింది.

నాకు తెలియలేదు.

మెట్టు మీద కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని, రెబెక్కా గాయం పక్కన నొక్కింది. "నొప్పిగా ఉందా?" లేదన్నాను. ఇంకొంచెం గట్టిగా నొక్కింది. లేదన్నాను. తను ఏడ్చింది. మా నాన్నకి కూడా మొదట్లో నొప్పి తెలిసేది కాదు.

అక్టోబరు 28, సోమవారం

టెస్టు వారం ముందే చేశారు. 9.4.

"మూడు నెలలూ సైకిలు తొక్కారా అండీ?" అన్నారు నాగదుర్గ గారు.

"ఎంపిక పూర్తయిందండి."

ఆవిడ ఇన్సులిన్ రాశారు. గాయం లోతుగా లేదు, జాగ్రత్తపడితే మానుతుంది అన్నారు. మూడు వారాలు పెడల్ ముట్టుకోకూడదు. ఆ తర్వాత బూట్లు లేకుండా ఎక్కకూడదు.

రాత్రి భోజనం ముందు రెబెక్కా సూది వేసింది. పొట్ట చురుక్కుమంది. నొప్పి తెలిసినందుకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అక్టోబరు 29, మంగళవారం

మళ్ళీ మొదలు. ఈసారి మాటంటే మాటే. నవంబరు 18, సోమవారం, ఉదయం ఐదు గంటలకు కాలవ గట్టు మీద ఉంటాను. మొదటి రోజు రెండు కిలోమీటర్లు చాలు. జంతికలు బంద్. కాజాల పేరు ఎత్తను.

ఈ మూడు వారాలూ వృథా కానివ్వకూడదు. బూట్లు చూడాలి. కాలికి సంబంధించిన విషయం, తొందరపడి కొనేది కాదు. మెత్తటి అడుగువి కొన్ని, గట్టి అడుగువి కొన్ని. పొద్దుట్నుంచీ పద్నాలుగు వీడియోలు చూశాను, ఏడుగురు ఇటు, ఏడుగురు అటు.

"చంద్రరావు గారి షాపు పక్కనే చెప్పుల కొట్టుంది, ఇప్పుడే వెళ్ళి తెచ్చేస్తాను" అని రెబెక్కా చెప్పులేసుకుంది. ఆగమన్నాను. శనివారం కాకినాడ వెళ్తున్నాను. కుంటుతూనైనా సరే, బస్సులో కూర్చునేదే కదా. అక్కడ మా బాబాయి, పిన్ని ఉన్నారు. షాపుకొస్తున్నాను, భోజనానికి మాత్రం ఉండనని ముందే ఫోన్ చేసి ఖచ్చితంగా చెప్పేశాను.

పిన్ని ఒప్పుకోలేదు.