రెండేళ్లు ఏం చేశావని అడిగితే

లచ్చవ్వా,

బాగున్నావా? నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఉత్తరం రాయక చాలా ఏళ్లయింది నాకు. ఊరి బడిలో ఐదు దాకా చదివిన చదువు. తప్పులుంటే నవ్వకు... నీకు అక్షరం రాదు కదా, ఎవరితో చదివించుకుంటావో మరి.

అసలు సంగతి చెబుతాను. మన మనవరాలు శ్రావణికి ఇంటర్వ్యూ పడింది. కోరుట్ల దాటినాక ఒక విత్తనాల కంపెనీ ఉంది, దాని ల్యాబులో పని. గింజలు మొలకెత్తాయా లేదా అని రోజూ చూసి రాయాలట.

పదిహేను రోజుల ముందు నుంచే తయారైంది. ఫోన్లో ప్రశ్నలు చూసుకోవడం, కాగితం మీద జవాబులు రాసుకోవడం, గోడ వైపు తిరిగి చెప్పుకోవడం. ఎవరన్నా లోపలికొస్తే టక్కున ఆపేసేది. ఆ సిగ్గు ఎవరిదో నీకు తెలుసు. "ముక్కు నీదే, మూగతనం నీదే. దీనికి నేనేమన్న ఇచ్చిన్నా?" అనేదానివి.

కోడలు బీడీలు చుట్టుకుంటూ వింటానంటే వద్దన్నది. ఒకరోజు కొడుకు పనికి పోయాక నా ముందర స్టూలు వేసుకుని కూర్చుంది. ఊరికే కూర్చో తాతా, ఏమీ అనకు అని చేత్తో సైగ చేసింది. నాకు వినపడదు కదా. సిగ్గుపడే పిల్లకు వినపడని మనిషి కన్నా మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడు?

నలభై ఏళ్లు సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు నడిపాను, చెవులు ఆ మోతకే పోయాయి. చుట్టాలు పలకరిస్తే నా బదులు నువ్వే చెప్పేదానివి. "ఆయన చెవులు సాంచెలకిచ్చిండు, నాకు ఉత్త మనిషి మిగిలిండు." అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. నీ పెదవుల మీద ఆ మాట నాకు కనపడేది. సాంచెల మీద పని చేసినవాళ్లందరం అంతే కదా. అరిచినా అందని చోట పెదవులు చూసుకునే మాట్లాడుకుంటాం.

శ్రావణి ముందు ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఇంగ్లీషు నాకు కంటితో కూడా అందదు. తల ఊపుతూ కూర్చున్నాను. రోజూ అదే పని. ఐదో రోజో ఆరో రోజో తెలుగులోకి దిగింది.

ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయేది. డిగ్రీ అయినాక రెండేళ్లు ఏం చేశావు? అది తప్పకుండా అడుగుతారట. నువ్వు పోయాక ఏడాది కంప్యూటర్ సెంటరుకు పోయింది, దానికి సర్టిఫికెట్టు ఉంది; ముందటి రెండేళ్లకు మాత్రం సర్కారు పరీక్షలకు చదువుకున్నానని చెప్పమని అక్కడి సారు నేర్పాడట. ఇంట్లో ముసలామెను చూసుకున్నానంటే ఎవరూ తీసుకోరట. కోడలితో చెబుతుంటే చూశాను.

నీ మాటే గుర్తొచ్చింది లచ్చవ్వా. పక్షవాతం వచ్చి గొంతు పోయినా నీ పెదవుల మీద రోజూ ఒకటే మాట. "నా మంచం కాడ పిల్ల కాలం పోతున్నది. నాకు జల్ది సావన్న రాకపాయె." నేను నీ కాళ్లు పిసికేవాణ్ణి. నువ్వు ఆ మాటతోనే పోయావు. ఇప్పుడు ఆ పిల్ల కూడా ఆ రెండేళ్లను దాచిపెట్టాలా?

ఇంటర్వ్యూకు మూడు రోజులు ఉందనగా కాగితం మడిచి పక్కన పెట్టింది. నా కళ్లలోకి చూసి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

మా బాపమ్మను చూసుకున్నాను, అన్నది. మొదటి నెలంతా కోపంగానే ఉండేదట. నిన్ను పక్కకు తిప్పేటప్పుడు ముఖం అటు పెట్టుకునేదట. ఒకనాడు నీ తుంటి మీద బొటనవేలంత ఎరుపు కనపడింది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. పుండు పడబోతుందని భయపడింది. బాల్‌పెన్ను తీసుకుని ఆ ఎరుపు చుట్టూ గీత గీసింది. గీత దాటి బయటికి వస్తున్నదా అని చూసింది, మళ్లీ చూసింది. రెండు గంటలకోసారి పక్క మార్చింది. మూడో రోజుకు ఎరుపు గీత లోపలికి తగ్గింది. తొమ్మిదో రోజుకు గీత ఒక్కటే మిగిలింది.

ఆ నీలం గీత నేను చూశాను. నీకు చీర మారుస్తుంటే చూశాను. డాక్టరు గీసి ఉంటాడనుకున్నాను. ఒక్క ఇంట్లో ఉండి కూడా... ఎవరు గీశారని ఎందుకు అడగలేదు నేను? నీకు తెలుసా అది? ముఖం అటు పెట్టుకున్న పిల్ల ఎప్పుడు ఇటు తిరిగిందో నీకు తెలిసిందా?

నిన్ను ఆఖరిసారి కడిగిన ఆడవాళ్లు, రెండేళ్లు మంచంలో ఉన్న మనిషికి ఒంటి మీద ఒక్క పుండు లేదని ఆశ్చర్యపోయారట. చేసుకున్న పుణ్యం అన్నారట. నేనూ అదే అనుకున్నాను. పుణ్యం కాదు లచ్చవ్వా. ఇరవై రెండేళ్ల పిల్ల. ఎవరూ నేర్పలేదు. మెచ్చుకున్నవాళ్లు లేరు. అంతసేపూ ఎదురుగా కూర్చున్నది ఎవరో ఏమో అన్నట్టు చూశాను.

అప్పుడు నేను నోరు తెరిచాను. నువ్వు నమ్మవు.

"నాకు కనపడ్డది బిడ్డా. గిదే చెప్పు వాళ్లకు."

దొంగచాటుగా చూసినవాడిలాగా సిగ్గయింది నాకు. శ్రావణి కళ్లు తుడుచుకుని నవ్వింది.

"నీకు కనపడతదని తెలుసు తాతా. బాపమ్మ ఏమంటున్నదో నాకు చెప్పింది నువ్వే గదా."

నిజమే. నీ పెదవులు చూసి దానికి చెప్పింది నేనే. అది మరిచిపోయాను. తెలిసే నా ముందర కూర్చుందన్నమాట.

వేములవాడలో బస్సు మారి చందుర్తి మీదుగా కోరుట్ల పోయాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, దానికి ఉత్త టికెట్టు, నాకు పైసల టికెట్టు. దారంతా కాగితం బయటికి తీయలేదు. ఏ జవాబు చెబుతావని అడగాలనిపించింది... అడగలేదు.

అక్కడ గదికి అద్దాలున్నాయి. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. శ్రావణి వీపు నా వైపు. ఎదురుగా జుట్టు నెరిసిన మేడం. నాకు ఆమె పెదవులే కనపడుతున్నాయి. చాలాసేపు ఇంగ్లీషే నడిచింది. తర్వాత మేడం చేతిలోని కాగితం చూసి తెలుగులో అడిగింది. ఈ రెండేళ్లు ఏం చేశావమ్మా?

శ్రావణి వీపు కదలలేదు. నిన్ను తలుచుకున్నాను. సారు నేర్పిందే చెప్పేస్తుందా? భయపడితే ఆ పిల్ల తప్పేముంది?

అప్పుడు దాని చేయి టేబుల్ మీదికి పోయింది. చూపుడు వేలితో గుండ్రంగా ఒక గీత గీసింది. ఉత్త చెక్క మీద. మేడం ముందుకు వంగి ఆ చోటునే చూసింది, అక్కడ నిజంగా గీత ఉన్నట్టు.

తర్వాత శ్రావణి సంచిలోంచి ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తీసి ఇచ్చింది. అట్లాంటిది ఒకటి ఉందని నాకు తెలియనే తెలియదు. మేడం పేజీలు తిప్పింది. ఒక దగ్గర చాలాసేపు ఆగింది. రోజూ నువ్వే రాశావా అని అడిగింది. మా దగ్గర కూడా ఇదే పనమ్మా, అన్నది. ఇంకేమన్నదో నాకు కనపడలేదు, కళ్లు మసకలయ్యాయి.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. సోమవారం పనిలో చేరింది. కోరుట్లలోనే ఆడపిల్లల హాస్టల్లో ఉంటున్నది. ఇప్పుడు చెప్పు, దాని కాలం ఎక్కడికి పోయింది?

అది హాస్టలుకు పోయేటప్పుడు ఆ నోట్‌బుక్ అడిగి తీసుకున్నాను. రోజుకు ఒక పేజీ, కూడబలుక్కుని చదువుతున్నాను. అన్నీ ఒక్క తీరే ఉంటాయి. ఎడమ పక్క. కుడి పక్క. అర గ్లాసు జావ. ఎరుపు లేదు. నిన్నటి పేజీలో, మధ్యాహ్నం రెండు గంటల దగ్గర, బాపమ్మ నవ్వింది అని ఉంది. ఎందుకో రాయలేదు.

ఎందుకు నవ్వావు లచ్చవ్వా? నేను అప్పుడు ఎక్కడున్నాను?

ఇంకా చాలా పేజీలున్నాయి. ఒక్కటి కూడా విడిచిపెట్టను.

నీ
రాజయ్య