మహజరులో మా వంటిల్లు

9 ఫిబ్రవరి 2025, ఆదివారం

ఇల్లు చూసినాను. నచ్చింది. పదిహేడేండ్లు బాడుగిండ్లలో ఉండి, మేడ మీద నుంచి ఓనరమ్మ మా నీళ్ళ బకెట్లు లెక్కబెడతా ఉంటే పడిన దాన్ని, నచ్చక ఏం చేస్తాది.

బ్రోకరు గేటు తావ నిలబడి నసిగినాడు. ఆరేండ్ల కింద ఈడ ఏదో జరిగిందంట మేడమ్, అంత పెద్ద విషయమేం కాదు, అన్నాడు. ఏదో కాదప్పా, మహిత అనే పిల్లను మొగుడు చంపినాడు, నాకు తెలుసు అన్నాను. ఆయన మొహం చూడల్ల.

తెలియకుండా ఎట్ల ఉంటాది? నేను చిత్తూరు కోర్టులో టైపిస్టును. ఆ కేసులో సాక్ష్యాలు, జడ్జిమెంటు, మొగుడికి యావజ్జీవం, అంతా ఈ పది వేళ్ళ కిందనే పొయ్యింది. మహజరు కూడా. అంటే పోలీసులు జరిగిన చోటికి పోయి, యాడ ఏముండాదో అడుగులు కొలిచి రాసే కాగితం. పడసాల దాటినాక ఎడం పక్క వంటిల్లు, దానికి తూరుపున కిటికీ అని టైపు చేసినది ఇంకా గుర్తుండాది. పడసాల దాటి ఎడం పక్క తిరిగినాను. వంటిల్లే. తూరుపున కిటికీ. కిటికీ బయట పచ్చగా కరివేపాకు చెట్టు. మహజరులో ఆ చెట్టు లేదు.

10 ఫిబ్రవరి, మద్దేనం

నిన్న మా ఆయనకు చెప్పినాను. ఆర్టీసీ కండక్టరు కదా, దేన్నయినా టికెట్టు చించినట్టు తేల్చేస్తాడు. మనుషులు చావని ఇల్లు యాడుండాది, రేటు బాగుండాది, తీసుకుందాం అన్నాడు. మా యమ్మను ఒప్పించేది మాత్రం నీ పని అని తిరుపతి బస్సెక్కి పొయ్యినాడు.

2 మార్చి, ఆదివారం

అత్త భారతమ్మ దయ్యాలకు భయపడే మనిషి కాదు. ఆమె అడిగింది ఒకటే. ఆ పిల్ల ప్రాణం యాడ పొయ్యింది? వంటింట్లో అయితే నేను రాను, పలమనేరులో పెద్దోడి ఇంటికి పోతాను. ప్రాణం పోయిన చోట పొయ్యి ముట్టించను, అనింది.

అత్త లేకుండా కొత్తింటికి పోవడమా? నేను కోర్టుకు, ఈయన డ్యూటీకి, ఇంటికి తాళం. దానికి సొంతిల్లు ఎందుకు.

పెరట్లో అత్తా, బట్టలుతికే బండ తావ, అన్నాను.

ఆ ఇంటికి ఎదురింట్లో ఉండే తిరుమలమ్మ పడసాలలో అంటాదంట, ఆమె మొగుడు మేడ మెట్ల మీద అంటాడంట. అత్త వాళ్ళ మాట నమ్మలేదు. కోర్టులో పని చేసే కోడలి మాట నమ్మింది. ఇన్నేండ్లు ఊరోళ్ళ అబద్ధాలు టైపు చేసినాను. నా నోటి నుంచి ఇంత సులువుగా వస్తాదనుకోలేదు.

23 మార్చి, ఆదివారం

పాలు పొంగించినాము. వీధిలో సగం మంది గేటు దాకా వచ్చి ఆగినారు. తిరుమలమ్మ ముందు లోపలికి వచ్చి, పాయసం తిని, ఇంకొంచెం పొయ్యమ్మా అనింది. ఆ తర్వాత అందరూ వచ్చినారు. పాయసం చాల్లేదు. నాకు ఎంత సంతోషమో.

6 ఏప్రిల్

బాత్రూములో కొళాయి కారతా ఉండాది. కారనీ. నా కొళాయి.

20 ఏప్రిల్, ఆదివారం

అత్త పెరట్లో కాలు పెట్టదు. బట్టలు నేనే ఉతుకుతాను, కరివేపాకు నేనే తుంచుకొస్తాను. ఆమె రాజ్యమంతా వంటిల్లు. పొద్దున్నే పీట వేసుకొని కూచోని కాఫీ తాగతాది, ఆడనే చిక్కుడుకాయలు వలస్తాది, ఆడనే రోలు పెట్టించుకొని ఊరిబిండి చట్నీ రుబ్బతాది. మిక్సీని ముట్టుకోదు.

యాడ కూచుంటాదో రాయల్ల. కిటికీ కింద, గట్టుకు మూడడుగుల్లో. సరిగ్గా మహిత పడి ఉన్నిందని మహజరులో రాసిన చోట. ఎండాకాలం గాలి ఆడనే వస్తాదని కూచుంటాది పాపం.

మొదటి వారం ఆమె ఆడ కూచుంటే నేను వంటింట్లోకే పొయ్యేదాన్ని కాదు. ఇప్పుడు అట్ల లేదు. ఈ పొద్దు నేనూ ఆమె పక్కనే కూచోని సంగటిలో ఊరిబిండి నంజుకొని తినినాను. సుఖంగా ఉండాము. అబద్ధమైతే అయింది, ఎవరికేం నష్టం?

13 జూన్, శుక్రవారం, సాయంత్రం

నష్టం ఎవరికో, ఆ మనిషే ఈ పొద్దు గేటు తీసి లోపలికి వచ్చింది.

నాగులమ్మ. మహిత తల్లి. సత్యవేడు పక్క పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో వైరు బుట్ట, దాంట్లో మట్టి ప్రమిద, నూనె సీసా. నన్ను గుర్తు పట్టలేదు. ఆమె సాక్ష్యం టైపు చేసింది నేనే, కానీ టైపిస్టు మొహం ఎవరు చూస్తారు. నాకు మాత్రం ఆమె గొంతు బాగా గుర్తుండాది.

ఆమె చెప్పింది ఇది. బిడ్డ శవాన్ని గవర్నమెంటాసుపత్రిలోనే చూపించినారు. ఇంటికి పోలీసులు సీలు వేసినారు, తర్వాత అల్లుడి తరపు వాళ్ళు తాళం వేసినారు, గేటు కూడా దాటనీలేదు. ప్రాణం పోయిన చోట పది దినాలు దీపం పెట్టల్ల కదా, పెట్టలేకపొయ్యినాను, నా బిడ్డ ఆరేండ్లుగా చీకట్లో ఉండాది, అనింది. కోర్టులో కూడా ఆమెకు తెలిసింది లేదు. సాక్షులను బయట వరండాలో కూచోబెడతారు, ఒకరి మాట ఇంకొకరికి వినబడదు. ఆమె తన మాట చెప్పి బస్సెక్కి పొయ్యింటాది.

నేను నోరు తెరిచే లోపల అత్త ఆమె చెయ్యి పట్టుకొని పెరట్లోకి నడిపించింది. మూడు నెలలుగా పెరట్లో కాలు పెట్టని మనిషి. బట్టలుతికే బండ చూపించింది. నాగులమ్మ ఆ బండను చేత్తో తడిమి తడిమి చూసింది. సబ్బు మరకల మీద ప్రమిద పెట్టింది.

నేను తలుపు పట్టుకొని నిలబడినాను. సిగ్గు లేని దాన్ని.

కూలి పోతాది, పది దినాలు ఉండలేను, అని నాగులమ్మ అనింది. మిగతా దినాలు నేను పెడతాను, నువ్వు పదో దినం ఆదివారానికి రా అని అత్త మాటిచ్చింది.

14 జూన్

అత్త పెరట్లోకి పొయ్యి దీపం పెట్టింది. బండను తాకకుండా దూరం నుంచే చెయ్యి చాపి ముట్టించింది.

16 జూన్

గాలికి దీపం మూడు సార్లు ఆరింది. అత్త మూడు సార్లు వెలిగించింది. నేను కిటికీలో నుంచి చూసినాను.

18 జూన్, మద్దేనం, ఆఫీసులో

పొద్దున అత్త దోసెలకు నానబెట్టింది. బియ్యం, ఉద్దిపప్పు, చిటికెడు మెంతులు. స్టీలు గిన్నె గట్టు మీద పెట్టింది. మహజరులో ఆ గిన్నె ఉండాది. "గట్టు మీద స్టీలు గిన్నెలో నానబెట్టిన బియ్యం, ఉద్దిపప్పు, మెంతులు." ఆ పొద్దు టీ తాగతా టైపు చేసినాను.

చెప్తే అత్త పలమనేరుకు పోతాది, ఈయన ఇల్లు అమ్మేద్దాం అంటాడు. చెప్పకపోతే ఆ తల్లి దీపం సబ్బు బండకు. పొద్దున్నుంచి ఒక్క పేజీ కూడా తప్పుల్లేకుండా కొట్టలేదు.

19 జూన్, గురువారం

చెప్పేసినాను. అత్త కిటికీ కింద కూచోని చిక్కుడుకాయలు వలస్తా ఉండాది.

"అత్తా, ఆడ కాదు. ఈడ."

ముందు ఆమెకు అర్థం కాలేదు. తర్వాత పీట వైపు చూసింది. లేచి, కాయలు ఆడనే వదిలేసి గదిలోకి పొయ్యింది.

20 జూన్

హోటల్ ఇడ్లీలు. గట్టిగా ఉండాయి. ఈయన నాతో మాట్లాడడం లేదు. మంచం మీద అత్త బ్యాగు సర్ది ఉండాది. నేను ఏడ్చినాను, బాత్రూములో, నా కొళాయి తిప్పుకొని.

21 జూన్, శనివారం

పొద్దున లేస్తే వంటింట్లో చప్పుడు. అత్త చీర పైకి దోపుకొని నేల కడగతా ఉండాది. నా వైపు చూడకుండానే అడిగింది.

"తల యాపక్క ఉన్నింది?"

తూరుపుకు అత్తా, కిటికీ వైపు, అన్నాను. కడగడం ముగించి, పెరట్లో ప్రమిద తెచ్చి కిటికీ కింద పెట్టింది. దినాలు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టల్ల అనింది. బ్యాగు గురించి నేను అడగలేదు. మద్దేనానికి దాంట్లో చీరలు దండెం మీదికి వచ్చేసినాయి.

పొయ్యి ముట్టిస్తావా అత్తా అని మెల్లిగా అడిగినాను. మూడు నెలలు ఆ పిల్ల పక్కనే కూచోని కాఫీ తాగినాను, అది నన్నేమీ అనలేదు, ఇప్పుడు దాన్ని ఒక్కదాన్నే వదిలేసి యాడికి పోతాను, అనింది. నాకు దుఃఖం ఆగలేదు.

అంతలోనే కోపం చూపించింది. కోర్టులో అబద్ధం చెప్తే ఎన్నేండ్లు వేస్తారు అని అడిగింది. ఏడేండ్ల దాకా వేయొచ్చు అన్నాను.

"అయితే ఏడేండ్లు చట్నీ నువ్వే రుబ్బల్ల. రోట్లో."

22 జూన్, ఆదివారం

నాగులమ్మ వచ్చింది. గేటు తావనే కాళ్ళు పట్టుకొని చెప్పినాను, నేను అబద్ధం చెప్పినాను, కేసు టైపు చేసింది నేనే, అని. తిడతాదనుకున్నాను. లెయ్ పాపా, ఇప్పుడన్నా చూపించు అనింది.

వంటింట్లో దీపం నిలకడగా వెలగతా ఉండాది. ఆమె పక్కన కూచోని నేల మీద చెయ్యి పెట్టింది, చానా సేపు తియ్యలేదు. నా బిడ్డ అప్పుడు ఏం చేస్తా ఉన్నిందో రాసినారా అని అడిగింది. గిన్నె సంగతి చెప్పినాను. బియ్యం, ఉద్దిపప్పు, మెంతులు.

మెంతులు నేనే నేర్పినాను, అని నాగులమ్మ నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆ పిండి ఎవరన్నా రుబ్బినారా అని అడిగింది. దానికి జవాబు మహజరులో లేదు.

అత్త లేచి బియ్యం డబ్బా మూత తీసింది. ఈ పొద్దు పోవద్దు, ఉండు అని నాగులమ్మతో అనింది. సాయంత్రం రుబ్బింది నేనే.

23 జూన్, సోమవారం, పొద్దున 7-30

మహజరు.

పడసాల దాటినాక ఎడం పక్క వంటిల్లు. తూరుపున కిటికీ, తెరిచి ఉండాది. బయట కరివేపాకు చెట్టు ఒకటి. గట్టు మీద స్టీలు గిన్నె, పిండి అయిపోయింది. రోట్లో చట్నీ కొంచెం. హాజరైన వారు: నాగులమ్మ, భారతమ్మ, టైపిస్టు జయంతి. కిటికీ కింద దీపం, దాని ముందర అరిటాకులో దోసె ఒకటి, వేడిగా.